పక్కవాద్యం ఎవరు?

(విజయవాడ గాంధీనగర్‌లో సంగీతం ఇష్టపడే కొద్దిమంది మిత్రుల సాయంకాలపు సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్లు కాస్త ముందుకొస్తే నేను గొంతు చించుకునే పని తప్పుతుంది. రండి, ముందు వరస కుర్చీలు ఎవరికీ అట్టిపెట్టలేదు.

ఇవాళ నేను మాట్లాడబోయేది మాటే లేని ఒక ఆల్బమ్ గురించి. పేరు ‘మెట్టవొల్యూషన్’. మెట్ట అనగానే డెల్టా వాళ్లం కదా, మనకు కందిచేలు గుర్తొస్తాయి. ఆ మెట్ట కాదు. పాలీ భాషలో ‘మెత్తా’ అంటే మైత్రి. సంస్కృతంలో మైత్రి, పాలీలో మెత్తా. దానికి ‘ఎవొల్యూషన్’ తగిలించి పెట్టుకున్న పేరు. పెట్టుకున్నది ఎక్కడివాళ్లు? మెక్సికోవాళ్లు. అమరావతి స్తూపం ఉన్న ధాన్యకటకం ఇక్కడికి గంటన్నర దారి. మనకు పట్టని మాట మెక్సికోవాళ్లకు పట్టింది. సరే, అది వేరే సంగతి.

రోడ్రిగో సాంచెజ్, గాబ్రియేలా కింటేరో. జంట పేరు ‘రోడ్రిగో ఇ గాబ్రియేలా’. ‘ఇ’ అంటే స్పానిష్‌లో ‘మరియు’. ఇద్దరూ గిటార్లే వాయిస్తారు. నైలాన్ తీగల అకూస్టిక్ గిటార్లు. పాడరు. ఈ ఆల్బమ్ 2019 ఏప్రిల్‌లో వచ్చింది, 2020 జనవరిలో గ్రామీ గెలుచుకుంది. ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడెందుకు అని అధ్యక్షులవారు ఫోన్లోనే అడిగారు. ఎందుకంటే దాని మీద వచ్చిన సమీక్షల్లో నా చేతికి దొరికినవన్నీ చదివాను. చదివిన కొద్దీ ఒక పాత మంట రగిలింది. ఆ మంట నా సొంతం. ముందు అది చెప్పేస్తాను.

1987 నుంచి ఆరేడేళ్లు, బ్యాంకు ఉద్యోగం స్థిరపడేదాకా, ఈ ఊళ్లో ఒక ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించాను. పెళ్లిళ్లు, దసరా పందిళ్లు, వినాయక చవితి పందిళ్లు. లీడ్ కాదు, రిథమ్. అంటే పాట పొడుగునా వెనకాల కార్డ్స్, అదే ఒకేసారి మోగే స్వరాల గుత్తులు, కొడుతూ ఉండేవాడిని. లీడ్ గిటార్ అబ్బాయికి పాట మధ్యలో నాలుగు సెకన్లో ఐదు సెకన్లో బిట్ వచ్చేది. అది వాయించగానే జనం ఈల వేసేవాళ్లు. అతనికి రాత్రికి నూటయాభై, నాకు డెబ్బై అయిదు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను. ఆర్కెస్ట్రా యజమాని సిగరెట్ ఆర్పుతూ, ‘నువ్వు రిథమే కదయ్యా’ అన్నాడు. ఆ ‘ఏ’ ఉంది చూశారూ, అది ఇప్పటికీ చెవిలోనే ఉంది.

ఒక దసరాకి పటమటలో ప్రోగ్రాము. రెండో చరణంలో నా ఆంప్లిఫయర్ వైరు ఊడిపోయింది. నాకు తెలియలేదు, కొడుతూనే ఉన్నాను. నాలుగు మాత్రలు, అంటే తాళంలో నాలుగు దెబ్బలు, కాగానే పాడుతున్నావిడ వెనక్కి తిరిగి చూసింది. తబలా ఆయన చూశాడు. పాట ఆగలేదు కానీ కాలు జారినట్టయింది. ఒకళ్లు ముందుకు, ఒకళ్లు వెనక్కి. జనంలో మాత్రం ఎవరికీ ఏం జరిగిందో తెలియలేదు, ఏదో బాగాలేదని తప్ప. నేను వంగి వైరు గుచ్చాను. పాట మళ్లీ నిలబడింది. ఆ రాత్రీ డెబ్బై అయిదే ఇచ్చారు. (నవ్వులు)

ఇప్పుడు సమీక్షల దగ్గరికొస్తాను. ఈ జంట గురించి ఎక్కడ చదివినా ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: రోడ్రిగో లీడ్, గాబ్రియేలా రిథమ్. అక్కడితో పని విభజన అయిపోయింది. ఆ తర్వాత పేరాలో రోడ్రిగో స్వరాల గురించి, ఆయన వేగం గురించి, మెటల్ అనే హోరెత్తే రాక్ సంగీతం నుంచి తెచ్చుకున్న వరసల గురించి ఉంటుంది. గాబ్రియేలాకూ ఒక పేరా ఇస్తారు, ఇవ్వరని కాదు. కానీ అందులో ఉండేది ఆశ్చర్యం. ‘గిటార్‌ని ఎలా కొడుతుందో చూడండి’ అని. సర్కస్ చూసొచ్చినవాడు చెప్పినట్టు. ఆమె చేతిలోంచి వచ్చేది సంగీతం, దానికీ ఒక కట్టుబాటు ఉంది, ఏ పాటలో ఎందుకు ఎలా మారిందో విందాం అని కూర్చున్నవాళ్లు తక్కువ.

అసలు వీళ్లెవరో రెండు ముక్కల్లో చెప్పి ముందుకెళ్తాను. మెక్సికో సిటీలో ‘తియెరా ఆసిదా’ అని ఒక థ్రాష్ మెటల్ బ్యాండులో ఉండేవాళ్లు. అది నడవలేదు. 1999లో ఐర్లండ్ రాజధాని డబ్లిన్ చేరారు. అక్కడ గ్రాఫ్టన్ స్ట్రీట్ అని మన బీసెంట్ రోడ్డులాంటి బజారు ఉంది, ఆ రోడ్డు మీద వాయించి బతికారు. 2006లో తమ పేరే పెట్టి ఒక ఆల్బమ్ తెచ్చారు. అది ఐర్లండ్ చార్టులో నేరుగా మొదటి స్థానంలోకి వెళ్లింది. ఆ రోజుల్లో కుర్రకారు ఊగిపోతున్న ఆర్కిటిక్ మంకీస్‌ని దాటి! గాత్రం లేకుండా, డ్రమ్స్ లేకుండా, రెండు చెక్క గిటార్లతో.

ఇంత కథ దొరికాక సమీక్షకుడు సంగీతం దాకా ఎందుకొస్తాడు? రోడ్డు మీద వాయించారు, నెంబర్ వన్ అయ్యారు, ఒకప్పుడు ప్రేమికులు, తర్వాత విడిపోయినా కలిసి వాయిస్తున్నారు. దాంతో పేజీ నిండిపోతుంది. నవ్వకండి, నాకూ జరిగింది. ‘మెట్టవొల్యూషన్’ మీద నేనొక వ్యాసం రాసి ఒక పత్రికకి పంపాను. అందులో గాబ్రియేలా కుడిచేయి మీద ఒకటిన్నర పేజీ ఉంది. ఫోన్ వచ్చింది. ‘చెయ్యి తగ్గించి, వాళ్లు ఎప్పుడు విడిపోయారో రాయగలరా’ అని. రాయలేనన్నాను. అచ్చు కాలేదు. ఆ ఒకటిన్నర పేజీయే ఇవాళ మీ నెత్తిన పడుతోంది.

ఇంకో తంటా ఈ సంగీతానికి ఏం పేరు పెట్టాలన్నది. నైలాన్ తీగలు, స్పానిష్ పేర్లు, టకటకమని చప్పుడు, కాబట్టి స్పెయిన్ దేశపు ఫ్లమెంకో అనేశారు. మాది ఫ్లమెంకో కాదు మొర్రో అని వాళ్లు ఎన్నిసార్లు చెప్పుకున్నారో లెక్కలేదు. రోడ్రిగో పిక్ పెట్టి, అంటే తీగ మీటే చిన్న బిళ్లతో, వాయిస్తాడు. ఫ్లమెంకో వాళ్లు గోళ్లతో, వేళ్లతో వాయిస్తారు. 2006 ఆల్బమ్‌లో రాక్ బృందం లెడ్ జెపెలిన్ పాట ఒకటి, మెటల్ బృందం మెటాలికా వాద్యరచన ఒకటి ఉన్నాయి. ఇంట్లో పెరిగిన పిల్లల్ని ఎవరి పోలికో అడిగి తెలుసుకోవాలి గానీ చొక్కా చూసి చెప్పేస్తే ఎలా? పేర్లతో మనమూ బోల్తా పడతాం లెండి. 2009లో వచ్చిన ‘11:11’ ఆల్బమ్‌లో ఒక దాని పేరు ‘హనుమాన్’, ఇంకోదాని పేరు ‘సావిత్రి’. నేను కారులో పెడితే మా బావమరిది, ‘చాలీసా ఎప్పుడు మొదలవుతుంది’ అన్నాడు. ఆ హనుమాన్ గిటారిస్టు కార్లోస్ శాంటానాకి అంకితమిచ్చింది. సావిత్రి అనగానే ఏం అనుకున్నాడో మీకు చెప్పక్కర్లేదు.

ఇక చెయ్యి. (మైకు పక్కన పెట్టి గిటార్ తీసుకున్నారు)

నేను ఆమెలా వాయించలేను. ఎవరైనా వాయించమంటే ఇప్పుడే కిందకి దిగిపోతాను. ఏం జరుగుతోందో చూపిస్తాను, అంతే. గిటార్ పెట్టె ఉంది కదా, తీగలు కింద బిగించే బ్రిడ్జి దగ్గర, ఇక్కడ, బొటనవేలి మొదట్లో ఉన్న దిండులాంటి భాగంతో కొడితే ఇదిగో... ‘తొం’. లోతుగా. మృదంగంలో ఎడమవైపు తొప్పి మీద పడ్డట్టు. ఇక్కడ, అంచు దగ్గర, వేళ్ల కొసలతో కొడితే... ‘టక్’. పొడిగా, ఎత్తుగా. మధ్యలో తీగల మీద చెయ్యి పడేసి ఆపేస్తే... ‘ఛక్’. నాదం లేదు, ఉత్త తాళమే. వేళ్లు విప్పుతూ తీగల మీదుగా గీస్తే... ‘త్రర్ర్’. ఒక్క చేతి విసురులో మూడు నాలుగు దెబ్బలు.

ఈ నాలుగూ విడివిడిగా ఎవరైనా చేస్తారు. పదిహేనేళ్ల పిల్లలు వీడియోలు చూసి చేస్తున్నారు. ఆమె చేసే పని వేరు. ‘తొం’ పడుతున్నప్పుడు కార్డు మోగుతూ ఉండాలి. ‘టక్’ కోసం చెయ్యి పక్కకి వెళ్లినప్పుడు తీగ తెగినట్టు అనిపించకూడదు. అంటే దెబ్బకీ దెబ్బకీ మధ్య చెయ్యి ఎక్కడ ఉండాలో ముందే తెలిసి ఉండాలి. ఎడమచెయ్యి కార్డు మారుస్తూనే, ఏ కార్డు ఎంతసేపు మోగాలో, ఎక్కడ గొంతు నొక్కాలో కూడా చూసుకుంటుంది. ఒక మనిషి మృదంగమూ తంబురా ఒకేసారి పట్టుకున్నట్టు. రోడ్రిగో వాయించే స్వరం ఈ నేల మీద నడుస్తోంది. ఆమె ‘తొం’ ఒక్క అరమాత్ర ముందుకు జరిపితే అదే స్వరం తొందరపడుతున్నట్టు వినిపిస్తుంది. వెనక్కి జరిపితే తాపీగా వినిపిస్తుంది. స్వరం మారలేదు. మనకు మారినట్టుంది. ఆ మార్పు ఎవరిది?

సత్యనారాయణపురంలో మా మృదంగం మాస్టారు ఉన్నారు, డెబ్బై దాటిన మనిషి. పాశ్చాత్య సంగీతం అంటే ‘గోల’ అనే ఒక్కమాటతో తేల్చేస్తారు. ఆయనకి ఈ ఆల్బమ్ ఎవరిదో చెప్పకుండా వినిపించాను. కళ్లు మూసుకుని, తొడ మీద తాళం వేసుకుంటూ విన్నారు. అయ్యాక, ‘ఎంతమందిరా’ అన్నారు. ఇద్దరే మాస్టారూ, ఇద్దరివీ గిటార్లే అన్నాను. ‘మరి డోలు ఎవరిది?’ అన్నారు. డోలు లేదు, ఆవిడ చెయ్యే అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. ‘ఆ పిల్లది ప్రధానం. వాడిది పక్కవాద్యం’ అన్నారు. నేను చదివిన సమీక్షలన్నిటిలోకీ నాకు నచ్చిన సమీక్ష ఇదే. నాలుగు ముక్కలు.

మాస్టారు కాస్త అతిగానే అన్నారని ఒప్పుకుంటాను. ఆయనకీ నాలాగే పాత లెక్కలున్నాయి. మన సభల్లో తని, అంటే మృదంగం ఒంటరిగా వాయించే ఘట్టం, మొదలవగానే ఏం జరుగుతుందో మీకు తెలుసు. రెండు గంటలసేపు మృదంగం ఆయన కచేరీని భుజాన మోస్తాడు, ఆయన వంతు వచ్చేసరికి సగం హాలు కాఫీకి లేస్తుంది. వాల్‌పోస్టరు మీద గాయకుడి పేరు పిడికెడంత, ఆయన పేరు చీమంత. ఇదంతా మనింట్లోనే పెట్టుకుని ఇంగ్లీషు సమీక్షకుల్ని అనడం సులువు.

వాద్యం అంటేనే మనకు పక్కన ఉండేది. చిన్నప్పుడు ఆకాశవాణి విజయవాడ కేంద్రంలో ఒక కార్యక్రమం రెండు నిమిషాలు ముందే అయిపోతే, ‘ఇప్పుడు కాసేపు వాద్య సంగీతం’ అనేవాళ్లు. సందు పూడ్చడానికి వీణ! నేను వీణ మొదట విన్నది అలా సందులోనే, అందుకు రేడియోకి రుణపడి ఉన్నాను. కానీ ఆ వాయించినవాళ్ల పేరు చెప్పేలోపు వార్తలొచ్చేసేవి. వాద్యానికి మనం పూర్తిగా చెవి అప్పగించిన సందర్భాలూ లేకపోలేదు. పాలకొల్లు నుంచి వచ్చిన మాండలిన్ శ్రీనివాస్ 1978లో, తొమ్మిదేళ్ల వయసులో, ఇక్కడే గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో వాయించాడు. అప్పుడూ పెద్దవాళ్లు నొసలు చిట్లించారు. మాండలిన్ ఏమిటి, కరెంటు ఏమిటి, గమకం, అంటే స్వరంలో ఆ ఊపు, ఎలా పలుకుతుంది అని. జంట తీగలతో గమకం నిలవదని ఆయన ఒంటి తీగలు వేసుకున్నాడు. వాద్యాన్ని తన సంగీతానికి తగ్గట్టు మార్చుకున్నాడు. గాబ్రియేలా చేసిందీ ఆ జాతి పనే. ఆమె తీగలు మార్చలేదు, పెట్టెని కూడా వాద్యం చేసుకుంది. మొన్న 2021లో పద్మశ్రీ వచ్చిన నాదస్వర దంపతులు కాలీషాబీ, మహబూబ్ సుభానీ ఉన్నారు. వాళ్లను వినేటప్పుడు ఎవరు లీడ్, ఎవరు రిథమ్ అని మనం అడగం. రెండు సన్నాయిలు కాబట్టి. రెండు గిటార్లు ఉన్నచోట మాత్రం ఒకదాన్ని కింద కూర్చోబెట్టాం.

ఈ ఆల్బమ్‌లో ఏడున్నాయి. ఆరు వాళ్ల సొంతం, ఏడోది పింక్ ఫ్లాయిడ్ బృందం 1971లో చేసిన ‘ఎకోస్’. సమీక్షల్లో ఎక్కువ చోటు దానికే పోయింది. పోదూ మరి, పంతొమ్మిది నిమిషాలు! అసలుది ఇరవై మూడు నిమిషాలు పైన, ఆ రికార్డు రెండో వైపంతా అదే. అందులో గాత్రం ఉంది, ఆర్గన్ ఉంది, డ్రమ్స్ ఉన్నాయి. మధ్యలో శ్మశానంలో గాలి తోలినట్టు చాలాసేపు శబ్దాలుంటాయి. ఇవన్నీ తీసేసి రెండు గిటార్లకి దించారు. ధైర్యం చాలా అని మెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. సొంత సరుకు అయిపోయిందా అని సాగదీసినవాళ్లు ఉన్నారు. మనూళ్లో గిటార్ నేర్చుకునే కుర్రాళ్లయితే, ‘అంకుల్, మధ్యలో స్కిప్ కొట్టాం’ అన్నారు.

సొంత సరుకు అయిపోయిందన్నవాళ్లకి ఒక సంగతి చెప్పాలి. ఆ ‘11:11’ ఆల్బమ్‌లో పదకొండు రచనలు పదకొండు చోట్లకి అంకితం. అందులో ఒకటి పింక్ ఫ్లాయిడ్‌కే. అంటే పదేళ్ల ముందే బాకీ రాసి పెట్టుకున్నారు. ఇంకా వెనక్కి వెళ్తే, వాళ్ల 2006 ఆల్బమ్‌ని నిర్మించింది జాన్ లెకీ. ఆయన కుర్రతనంలో లండన్‌లో రికార్డింగు ఇంజనీరు. ‘ఎకోస్’ ఉన్న ఆ 1971 రికార్డుకి పనిచేసిన ఇంజనీర్లలో ఆయనొకడు. ఇది తెలిశాక నాకు ఆ పంతొమ్మిది నిమిషాలు పరాయి పాటలా వినిపించడం మానేసింది.

అయినా నా మట్టుకు ఆల్బమ్‌లో గొప్పది అది కాదు. ముందున్న ఆరూ. ‘ఎకోస్’లో మన చెవి అసలు పాటని పక్కన పెట్టుకుని పోల్చుకుంటూ ఉంటుంది, ఇక్కడ ఆర్గన్ ఉండాలే, ఇక్కడ గాత్రం రావాలే అని. సొంత రచనల్లో ఆ పీడ లేదు. చెయ్యి సరిగ్గా చేతిలాగే వినిపిస్తుంది.

వ్యతిరేకంగా వచ్చిన మాటల్లో నేను ఒప్పుకునేదీ ఒకటుంది. అన్నీ ఒకేలా ఉన్నాయన్న ఫిర్యాదు. పూర్తిగా అబద్ధం కాదు. మొదటినుంచీ వేడి వేడి. వడ్డించిందల్లా ఆవకాయ కలిపే పెట్టినట్టుంటుంది. మధ్యలో ఒక ముద్ద పెరుగన్నం పెట్టమ్మా అనిపిస్తుంది. వరసపెట్టి ఏడూ వినకండి. రెండు వినండి, లేచి కాస్త తిరగండి, మళ్లీ వచ్చి రెండు వినండి. నేనలాగే వింటాను. ఆల్బమ్ అంటే ఏకబిగిన వినాల్సిందే అనేవాళ్లు నన్ను క్షమించాలి.

స్టేజీ మీద బాగుంటారు, రికార్డులో అంత లేదు అన్నది ఇంకో ఫిర్యాదు. ఇక్కడ నాకో అనుమానం. స్టేజీ మీద ఆమె చెయ్యి కనిపిస్తుంది. రికార్డులో కనిపించదు. కనిపించనప్పుడు ఆ చప్పుడంతా ఏదో డ్రమ్ముదని చెవి సర్దిచెప్పుకుంటుంది. మా మాస్టారంతటివారే డోలు ఎవరిదన్నారు కదా. ఆమె పనిని చెవితో పట్టుకోలేక రికార్డు మీద నింద వేస్తున్నామేమో.

దీనికి ఎదురుగా ఇంకో జంట ఆల్బమ్ ఉంది. మన విశ్వమోహన్ భట్, అమెరికా గిటారిస్టు రై కూడర్ కలిసి చేసిన ‘ఎ మీటింగ్ బై ద రివర్’. 1993లో వచ్చింది, మరుసటి సంవత్సరం గ్రామీ కూడా తెచ్చుకుంది. భట్‌ది గిటార్‌నే మార్చి చేసుకున్న మోహన వీణ, కూడర్‌ది స్లైడ్ గిటార్. ఇద్దరూ రికార్డింగుకి కాస్త ముందే మొదటిసారి కలుసుకున్నారు, కూర్చుని వాయించేశారు. విమర్శకులు తెగ మురిసిపోయారు. ఆ మురిపెంలో సగం ‘ముందు అనుకోలేదు’ అన్నదానికే. నాకూ ఇష్టమే అది, ఎండాకాలం రాత్రి మేడ మీద వినాలి. కానీ ముందు అనుకోకుండా వాయించడం గొప్ప, ఏళ్లతరబడి కూర్చుని చెక్కడం తక్కువ అన్న లెక్క నాకు గిట్టదు. 2014 తర్వాత వీళ్ల నుంచి మళ్లీ వచ్చిన స్టూడియో ఆల్బమ్ ఈ ‘మెట్టవొల్యూషన్’. ఐదేళ్లు. ఆమె ఆ ‘తొం’ ఎక్కడ వెయ్యాలో ఐదేళ్లు చూసుకుంది. మన కీర్తనలో సంగతి, అంటే ఒకే పంక్తిని మెరుగుపెడుతూ మార్చి మార్చి పాడడం, అలాగే కదండీ పుట్టేది.

గ్రామీ సంగతి ఒక్క ముక్క. వాళ్లకిచ్చిన విభాగం పేరు ‘సమకాలీన వాద్య ఆల్బమ్’. మాట లేనివి, ఏ గంపలోనూ పట్టనివి తెచ్చి ఇందులో పోస్తారు. ఇచ్చారు, సంతోషం. ఆ బహుమతి వార్తల్లో కూడా చాలాచోట్ల ‘లీడ్, రిథమ్’ అనే ఉంది. నేనేం చెయ్యను.

ఇక తప్పు నా వైపూ ఉంది, చెప్పేస్తాను. వీళ్ల 2006 ఆల్బమ్ మీద నేను రాసిన మొదటి పరిచయంలో, పాత కాగితాలు తీసి చూసుకుంటే, ‘తీగలపై వేళ్లు నాట్యమాడాయి’ అని ఉంది. ఎవరి వేళ్లు? రోడ్రిగో వేళ్లు. గాబ్రియేలా గురించి ‘చక్కటి సహకారం అందించింది’ అని రాశాను. ఆరేడేళ్లు రిథమ్ కొట్టి, డెబ్బై అయిదుకి గొడవపడ్డవాణ్ణి, నేనే అలా రాశాను. (నవ్వులు)

మాస్టారు అదిగో మూడో వరసలో ఉన్నారు, వాచీ చూసుకుంటున్నారు. చాలిస్తాను. ఇప్పుడు ఆ సొంత రచనల్లో ఒకటి, తర్వాత ‘ఎకోస్’ పూర్తిగా పెడతాను. పంతొమ్మిది నిమిషాలు. మెట్ల దగ్గర కాఫీ కలుపుతున్న వాసన మీకూ వస్తోందని తెలుసు. ఆ అబ్బాయికి చెప్పే వచ్చాను, పాట అయ్యేదాకా ఫ్లాస్కు మూత తియ్యొద్దని.